విశ్వాసి చేతిలో నవల

విశ్వాసి నవలలు చదవొచ్చా? డెల్టా సంఘాల్లో ఈ ప్రశ్నకు ఇప్పటికీ తేలిన జవాబు లేదు. పెదపాడులోనో వట్లూరులోనో కలపర్రులోనో మందిరం నుంచి ఇంటికి పోతున్న పెద్దావిడను అడిగి చూడండి. "వాక్యం చదువుకోడానికే టైము చాలట్లేదు, ఇంక కట్టుకథలెందుకు బాబూ" అంటుంది. ఆ మాటలో విసుగు కన్నా భయమే ఎక్కువ. వారపత్రికల సీరియళ్లు ఊళ్లను ఊపేసిన రోజుల్లో ఏలూరు అద్దె పుస్తకాల కొట్టు నుంచి నవల తెచ్చుకున్న విశ్వాసుల ఆడపిల్ల దాన్ని పరుపు కింద దాచుకునేది. దొరికితే ఇంట్లో తిట్లు, మందిరంలో ప్రార్థన, రెండూ తప్పేవి కావు. 'లోకసంబంధం' అన్న ఒక్క మాటతో సినిమాని, తిరునాళ్లని, నవలని ఒకే గాటన కట్టేసేవాళ్లు.

ఆ కట్టుబాటును నేను తేలిగ్గా తీసిపారేయలేను. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు వైపు నాటిన బ్రదరన్ సంఘాలు లోకానికి ఎడంగా బతకడాన్ని విశ్వాసంలో భాగంగా నేర్పాయి. తర్వాత వచ్చిన సంఘాలు కూడా చాలావరకు ఆ దారినే నడిచాయి. కల్లు మాని, పేకాట మాని, ఆ డబ్బుతో పిల్లల్ని బడికి పంపి పైకొచ్చిన కుటుంబాలు మన పేటల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఆ కంచె మేలు చేసింది. పౌలు తిమోతికి రాసిన ఉత్తరంలో పనికిమాలిన కథల జోలికి పోవద్దని హెచ్చరించిన మాట నిజమే కాబట్టి, వాక్యం కూడా తమ వైపే ఉందని వాళ్లు అనుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ అదే గ్రంథంలో నాతాను ఉన్నాడు. బత్షెబ విషయంలో దావీదు చేసిన పాపాన్ని ఎత్తిచూపడానికి వచ్చిన ఆ ప్రవక్త ముందు ఒక్క ఆజ్ఞ కూడా వల్లించలేదు. ఒక పేదవాడు, అతను బిడ్డలా పెంచుకున్న ఒకే ఒక్క గొర్రెపిల్ల, ఇంటికొచ్చిన చుట్టానికి వండిపెట్టడానికి దాన్ని లాక్కున్న ధనవంతుడు... కథంతా విని రాజు మండిపడ్డాడు, శిక్ష కూడా తానే ప్రకటించాడు. ఆ తర్వాతే ఆ మనిషి నువ్వేనన్న మాట వచ్చింది. ఆ గొర్రెపిల్ల ఎక్కడా లేదు. అది కల్పన. సూటిగా చెప్పుంటే దావీదు తలుపు వేసుకునేవాడు. కథ ఆ తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లింది. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు కూడా యేసు అల్లిన మనుషులే. కాబట్టి కల్పన అబద్ధమా అన్న వాదన నాకు ఎప్పుడో తీరిపోయింది. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మనకు అందిన క్రైస్తవ నవలల్లో నాతాను పని చేసేవి ఎన్ని? ప్రసంగానికి కథ తొడుగు తొడిగి పంపినవి ఎన్ని?

ఈ దారిలో మొదటి పుస్తకం జాన్ బన్యన్‌ది. మన పెద్దలు 'యాత్రికుని ప్రయాణము' అని పిలుచుకునే ఆ కథ మొదటి భాగం 1678లో అచ్చయింది. బన్యన్ పాత్రలకు మాట్లు వేసే కుటుంబంలో పుట్టినవాడు, పెద్ద చదువు లేనివాడు, అనుమతి లేకుండా ప్రసంగించినందుకు బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్లు గడిపినవాడు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బైబిలు, కీర్తనల పుస్తకం తర్వాత నిలబడిన పుస్తకం ఇదే. నవలలొద్దన్న పెద్దవాళ్లు కూడా దీన్ని కాదనలేదు, ఎందుకంటే దీన్ని వాళ్లు నవలగా లెక్కెయ్యలేదు. అందులో క్రైస్తవుడు అనే పాత్ర ఊరు వదిలి బయల్దేరిన కాసేపటికే నిరాశ అనే ఊబిలో పడతాడు. కొల్లేటి అడుసులో మోకాలి దాకా దిగబడి కాలు పైకి లాక్కున్నవాళ్లకు ఆ పేజీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నాకు మరీ ఇష్టమైనది దాని తర్వాతి మాట. ఆ ఊబిని పూడ్చడానికి రాజుగారి పనివాళ్లు ఎన్నో ఏళ్లుగా మంచి బోధలను వేల బండ్లకొద్దీ తెచ్చి పోశారని, అయినా అది ఊబిగానే ఉందని బన్యన్ రాస్తాడు. బోధకుడే రాసిన మాట ఇది! బోధ వృథా అని అతని అర్థం కాదు. బోధ ఎంత విన్నా మనిషి కుంగిపోయే చోటు ఒకటి మిగులుతుందని అతనికి తెలుసు. నా దృష్టిలో నవల పని మొదలయ్యేది అక్కడే.

మిషనరీల కాలంలో భారతీయ భాషల్లో వచ్చిన క్రైస్తవ నవలలు ఈ సంగతిని చాలావరకు పట్టించుకోలేదు. 1852లో కలకత్తాలో హానా కేథరిన్ ములెన్స్ బెంగాలీలో రాసిన 'ఫూల్‌మణి, కరుణల వృత్తాంతం' వాటిలో పేరున్నది. ఫూల్‌మణి మంచి క్రైస్తవ ఇల్లాలు, కరుణ దారి తప్పిన ఇల్లాలు. ఇల్లు ఎలా ఊడ్చుకోవాలో, పిల్లల్ని ఎలా పెంచాలో, ప్రార్థన ఎప్పుడు చేయాలో మొదటి పేజీలోనే తేలిపోయింది, మిగతాదంతా దానికి రుజువు. బెంగాలీ వచనానికి ఆ పుస్తకం చేసిన మేలు వేరే సంగతి. కథగా మాత్రం అందులో ఎవరికీ తప్పు చేసే స్వేచ్ఛ లేదు. ఐదేళ్లకు, 1857లో, మరాఠీలో బాబా పద్మన్‌జీ రాసిన 'యమునా పర్యటన్' కొంత మెరుగు. అతనూ ఉపదేశించాడు, కానీ వితంతువుల బాధలు చెప్పేటప్పుడు ఉపదేశం మర్చిపోయి చూసింది చూసినట్టు రాశాడు. మరాఠీవాళ్లు దాన్ని తమ తొలి నవలల్లో మొదటిదిగా చెప్పుకుంటారు. ఇంగ్లీషులో రాసినా, కృపాబాయి సత్యనాథన్ 'సగుణ' ఈ వరసలో అన్నిటికన్నా ప్రాణమున్నది. 1887-88లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో ధారావాహికగా వచ్చింది. చదువు కోసం, తన మనసు తనకు దక్కడం కోసం తపించిన ఒక క్రైస్తవ అమ్మాయి కథ, చాలావరకు ఆమె సొంత కథే. భర్త ఉద్యోగం వల్ల కృపాబాయి కొంతకాలం మన రాజమండ్రిలోనే కాపురం ఉంది. 1894లో ముప్పై రెండేళ్లకే కన్నుమూసింది.

తెలుగులో ఏం జరిగింది? ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కందుకూరి వీరేశలింగం 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా మొదలుపెట్టిన 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. 1766 నాటి ఆ ఇంగ్లీషు నవలకు నాయకుడు ప్రింరోజ్ అనే పల్లెటూరి పాదిరి. ఆస్తి పోయి, కూతురు మోసపోయి, తాను జైలు పాలైనా ఆ జైల్లోనే తోటి ఖైదీలకు వాక్యం చెప్పినవాడు. వీరేశలింగం ఆ కథ ఎముకలగూడు తీసుకుని దాన్ని గోదావరి ఒడ్డు బ్రాహ్మణ కుటుంబంగా మలిచాడు. అప్పులు, మోసాలు, మూఢనమ్మకాలు, చివరికి మళ్లీ నిలదొక్కుకోవడం అన్నీ వచ్చాయి. పాదిరి మాత్రం రాలేదు. వీరేశలింగానికి కావలసింది సంఘ సంస్కరణ, అది ఆయన చేసి చూపించాడు, ఆయనతో నాకు పేచీ లేదు. కానీ తెలుగు నవల పురుడు పోసుకున్న ఇంట్లోనే ఒక క్రైస్తవ కుటుంబ కథ ఉండి కూడా, తెలుగు క్రైస్తవుడు తన సొంత నవల కోసం ఇంకా ఎన్నో ఏళ్లు ఆగవలసి వచ్చింది.

కారణాలు లేకపోలేదు. పందొమ్మిదో శతాబ్దంలో సంఘంలోకి వచ్చినవాళ్లలో అత్యధికులు అక్షరానికి దూరంగా ఉంచబడినవాళ్లు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు నవల అచ్చేసి ఇస్తే ఎవరు చదువుతారు? పాట అయితే నోటికి వస్తుంది, చేలో కలుపు తీస్తూ పాడుకోవచ్చు. అందుకే తెలుగు క్రైస్తవుల ప్రతిభంతా పాటలోకి పోయింది. పురుషోత్తమ చౌదరి మొదలుకొని ఎందరో భక్తుల కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో చేరి, కర్ణాటక రాగాలు కట్టుకుని, ఊరూరా నిలిచాయి. పద్యంలో గుర్రం జాషువ 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. తెరమీద 1978లో విజయచందర్ 'కరుణామయుడు' వచ్చింది, డెల్టా పల్లెల్లో తెల్లగుడ్డ కట్టి దాన్ని ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. పాట, పద్యం, సినిమా అన్నిటా మన ముద్ర ఉంది. నవల దగ్గరికి వచ్చేసరికే చెయ్యి ఖాళీ.

ఇంకో కారణం నాకు దీనికన్నా బలమైనదిగా తోస్తుంది. అది సాక్ష్యం. మన కూటాల్లో సాక్ష్యానికి ఒక కట్టుదిట్టమైన రూపం ఉంది. ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు నన్ను దర్శించాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. తాగుబోతు మానేశాడు, గొడ్రాలికి బిడ్డ పుట్టింది, డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు నయమైంది. విన్నవాళ్లు కన్నీళ్లతో స్తోత్రం చెబుతారు. నిజమైన సాక్ష్యానికి ఉన్న శక్తి నాకు తెలుసు, దాన్ని తగ్గించి మాట్లాడను. కానీ ఆ రూపంలో మధ్యకాలానికి చోటు లేదు. ప్రార్థన చేసి చేసి జవాబు రాని పదిహేనేళ్లు ఎవరూ మైకు ముందు చెప్పరు. మానేసి మళ్లీ తాగినవాడు రెండోసారి లేవడు. బిడ్డ దక్కని తల్లి వెనక బెంచీలో కూర్చుని పక్కావిడ సాక్ష్యానికి స్తోత్రం చెప్పి ఇంటికి పోతుంది. ఆ తల్లి విశ్వాసం నిలబడిందా, నిలబడితే దేని మీద నిలబడింది? ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలవు. రెండు మూడు వందల పేజీలు కావాలి. తెలుగులో క్రైస్తవ కథ పేరుతో వచ్చే చిన్న పుస్తకాల్లో చాలావాటిని నేను మెచ్చలేకపోవడానికి కారణం ఇదే. అవి సాక్ష్యాన్ని సాగదీసినవి. చివరి అధ్యాయంలో ఉద్యోగమో పెళ్లో స్వస్థతో వచ్చి తీరుతుంది. అలాంటివి పది చదివాక, తనకు జవాబు రాలేదంటే తన విశ్వాసంలోనే లోపముందని పాఠకురాలు అనుకుంటుంది. అది హాని.

పాశ్చాత్య దేశాల క్రైస్తవ నవలల మార్కెట్టు పెద్దది, దానికీ ఇదే జబ్బు ఉంది. టిమ్ లహే, జెర్రీ జెంకిన్స్ కలిసి రాసిన 'లెఫ్ట్ బిహైండ్' వరస 1995లో మొదలై పదహారు పుస్తకాలైంది, 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంత్యకాలం గురించిన ఉత్కంఠ తప్ప మనుషులు గుర్తుండరు. భయపడి మోకరించినవాడు భయం తగ్గాక లేచి వెళ్లిపోతాడని ఆ రచయితలకు తోచలేదు. ఫ్రాన్సీన్ రివర్స్ 'రిడీమింగ్ లవ్' (1991) అంతకన్నా నయం. హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి తెచ్చి, చిన్ననాడే అమ్ముడుపోయిన ఒక స్త్రీని, ఆమెను విడవని ఒక రైతును చూపించింది. ఆమె మళ్లీ మళ్లీ పారిపోవడం ఆ పుస్తకానికి బలం. అతను తప్పే చేయని దేవదూతలా ఉండటం బలహీనత. మన కాలేజీ అమ్మాయిలు ఫోన్లలో చదువుతున్న పుస్తకాల్లో ఇదొకటి. చదవనివ్వండి, కానీ అలాంటి మొగుడు దొరుకుతాడని ఎదురుచూడొద్దని ఎవరైనా అక్కలు చెబితే మంచిది. చార్లెస్ షెల్డన్ 'ఇన్ హిజ్ స్టెప్స్' ఇంకా పాతది. 1896లో అమెరికాలోని టొపీకాలో పాస్టరుగా ఉన్న షెల్డన్ దాన్ని ఆదివారం సాయంత్రాలు అధ్యాయం తర్వాత అధ్యాయం తన సంఘానికి చదివి వినిపించాడు. నా చోట యేసు ఉంటే ఏం చేసేవాడని అడుగుకు ముందు అడగాలన్నది దాని ఇతివృత్తం. కథనం సాదాసీదాది. అయినా పత్రిక నడిపేవాడు, వ్యాపారి, పాటగత్తె ఒక్కొక్కరూ ఆ ప్రశ్న వేసుకుని సొంత ఆదాయాన్ని పణంగా పెట్టడం చూస్తే, మన దశమభాగాల లెక్కలు చిన్నబోతాయి.

అసలైన పాఠాలు నాకు దొరికింది క్రైస్తవ పుస్తకాల బల్ల మీద ఎప్పుడూ కనబడని నవలల్లో. విక్టర్ హ్యూగో 'లే మిజరబ్ల' (1862) తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1950లో నాగయ్య నటించిన 'బీదలపాట్లు' ఆ కథే. రొట్టె దొంగిలించి, పారిపోబోయి, పందొమ్మిదేళ్లు జైల్లో మగ్గిన జాన్ వాల్‌జాన్‌కు బిషప్పు అన్నం పెట్టి పడక ఇస్తాడు. అతను తెల్లారకముందే వెండి సామాను ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టుకొస్తే, అవి నేనిచ్చినవేనని బిషప్పు చెప్పి, వెండి దీపస్తంభాలు మర్చిపోయావంటూ అవీ చేతిలో పెడతాడు. ఈ దృశ్యాన్ని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కానీ నవలలో దానికి ముందున్నదేమిటో ప్రసంగీకులు చెప్పరు. వాల్‌జాన్ రాకముందు హ్యూగో ఒక ఖండం మొత్తం ఆ బిషప్పు రోజువారీ బతుకు గురించే రాశాడు. తన భవనాన్ని ఆసుపత్రికి ఇచ్చి ఆసుపత్రి ఉన్న చిన్న ఇంట్లోకి మారడం, జీతంలో ఏది ఎవరికో కాగితం మీద రాసుకోవడం, కొండదారిలో దొంగలున్నారన్నా కంచరగాడిదెక్కి పల్లెకు పోవడం. చదువరికి ఓపిక నశిస్తుంది. ఆ అలవాట్లన్నీ చూశాక మాత్రం దీపస్తంభాలు ఇవ్వడం ఒక మహత్కార్యంలా కనిపించదు. ఆయన నిన్న చేసిందే ఇవాళా చేశాడు. క్షమ ఆ క్షణంలో పుట్టుకొచ్చేది కాదని, ఏళ్ల తరబడి చిన్న చిన్న ఇవ్వడాల్లో చెయ్యి తిరిగితేనే ఆ పూటకు అందుతుందని నేను నేర్చుకున్నది ఆ పేజీల్లోనే. సినిమాలో అవి ఉండవు. నవల చదివితేనే దొరుకుతాయి.

టాల్‌స్టాయ్ 1885లో రాసిన చెప్పులు కుట్టే మార్టిన్ కథ నవల కాకపోయినా ఇక్కడ చెప్పి తీరాలి. ప్రభువు వస్తానన్న రోజున ఎదురుచూస్తూ, కిటికీలోంచి కనబడిన ముసలివాడికి టీ, చంటిబిడ్డ తల్లికి బట్ట ఇచ్చి, తాను ప్రభువుకే ఇచ్చానని ఆ రాత్రి తెలుసుకున్న మార్టిన్‌ను మన సండేస్కూలు పిల్లలు క్రిస్మస్ నాటకంగా వేస్తుంటారు. రష్యాలో అతను పేదవాడు, అంతే. మన దేశంలో తోలుపని చేసేవాణ్ణి ఊరి బయట ఉంచారు. 1866లో ఒంగోలులో మిషనరీ క్లౌ దొరగారి సేవ వేళ్లూనడానికి ముఖ్యుడైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగవాడు. మార్టిన్ గది తలుపు ప్రభువు తట్టాడంటే, ఆ కథకు రష్యాలో లేని బరువు మన పేటలో వస్తుంది. పిల్లలు నాటకం వేసేటప్పుడు ఈ మాట ఎవరైనా ఒకసారి చెప్పాలి.

అలన్ పేటన్ 'క్రై, ద బిలవ్డ్ కంట్రీ' (1948) గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. దక్షిణాఫ్రికాలో ఒక కొండపల్లెలో స్టీఫెన్ కుమాలో అనే నల్లజాతి పాస్టరు. పట్నం పోయిన కొడుకును వెతుక్కుంటూ జొహానెస్‌బర్గ్ వెళ్తాడు. కొడుకు ఒక తెల్లవాణ్ణి కాల్చి చంపాడని తెలుస్తుంది. చనిపోయిన ఆ తెల్లవాడు నల్లవాళ్ల పక్షాన నిలిచినవాడు, కుమాలో ఊరి పైనున్న పొలాల ఆసామి జార్విస్ కొడుకు. కుమాలో కొడుకుకు ఉరిశిక్ష పడుతుంది. ఒకడు హంతకుడి తండ్రి, ఒకడు హతుడి తండ్రి, ఇద్దరూ ఒకే లోయలో బతకాలి. జార్విస్ ఊరి పిల్లలకు పాలు పంపుతాడు, కొత్త గుడి కట్టిస్తానంటాడు, ఆనకట్ట వేయిస్తాడు. పెదపాడులో ఒక స్త్రీల కూటంలో ఈ కథను తెలుగులో చెప్పాను. అందరూ కళ్లొత్తుకున్నారు. ఒక ముసలామె మాత్రం కాసేపు ఊరుకుని, "పాలు పంపినాయన దొడ్డమనిషే అయ్యగారూ, కాదన్ను. భూమి మాత్రం ఇవ్వలేదుగా" అంది. ఆమె జీవితమంతా ఒకరి చేలో నాట్లు వేసింది. నవలలో కూడా వ్యవసాయం నేర్పడానికి వచ్చిన కుర్రవాడు సరిగ్గా ఈ మాటే కుమాలోతో అంటాడు, కృతజ్ఞత ఉన్నా దయకు ముందు మన నేల ఎందుకు ఇంత కురచైపోయిందో అడగాలంటాడు. పేటన్ ఆ కుర్రవాడి నోరు మూయించలేదు. క్షమ, న్యాయం ఈ రెండూ ఒకే పుస్తకంలో ఒకదాన్నొకటి మింగకుండా నిలబడ్డాయి. ఆ రోజు కూటంలో మేం రెండు గంటలు మాట్లాడుకున్నది విశ్వాసం గురించే.

సేవలో ఉన్నవాళ్లకు వేరే పుస్తకాలు చెబుతాను. ఫ్రెంచి రచయిత బెర్నానోస్ 1936లో రాసిన 'పల్లెటూరి పాదిరి దినచర్య'లో కుర్ర పాదిరి కడుపునొప్పితో, చాలీచాలని తిండితో, తనను లెక్కచేయని ఊరితో బతికి, తాను ఏమీ సాధించలేదనుకునే చనిపోతాడు. అతను ఎవరి గుండెలో ఏం చేశాడో మనకు తెలుస్తుంది, అతనికి తెలియదు. మెరిలిన్ రాబిన్సన్ 'గిలియడ్' (2004) మరుసటి ఏడు పులిట్జర్ పొందింది. అందులో డెబ్భై ఆరేళ్ల పాస్టరు చిన్నకొడుక్కి ఉత్తరం రాస్తుంటాడు. అతని జీవితకాలపు ప్రసంగాలు అటక మీద పెట్టెల్లో ఉన్నాయి, వాటిని ఏం చేయాలో అతనికి తోచదు. యాభై మంది సంఘాన్ని నలభై ఏళ్లు కాచి, పక్క ఊళ్లో పెద్ద మైకులవాళ్లు వస్తే సగం మందిని పోగొట్టుకున్న కాపరి ఎవరైనా ఈ రెండూ చదవాలి.

జపాన్ రచయిత షూసాకు ఎండో 'సైలెన్స్' (1966) అన్నిటికన్నా కఠినమైనది. పదిహేడో శతాబ్దంలో జపాన్‌లో క్రైస్తవుల్ని హింసించిన కాలంలో రోడ్రిగ్స్ అనే పాదిరిని ప్రభువు బొమ్మ తొక్కమంటారు. తొక్కకపోతే గోతిలో తలకిందులుగా వేలాడుతున్న పల్లెవాళ్లు చస్తారు. అతను తొక్కుతాడు. ఇది పతనమా, ప్రేమా? నవల తేల్చదు. ఈ పుస్తకాన్ని సంఘంలో చర్చకు పెట్టొద్దని కొందరు నాతో అన్నారు. నాకైతే అందులో రోడ్రిగ్స్ కన్నా కిచిజిరో దగ్గరివాడు. పిరికివాడు, తాగుబోతు, ప్రతిసారీ అమ్మేస్తాడు, ప్రతిసారీ ఏడుస్తూ తిరిగొచ్చి పాపాలు ఒప్పుకుంటానంటాడు. రెండోసారి సాక్ష్యానికి లేవలేని మన తాగుబోతుకు ఏ నవలలోనైనా చోటుందంటే, ఇందులోనే.

తెలుగు క్రైస్తవుల బతుకును లోపలినుంచి చెప్పిన పెద్ద నవల జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000). దాన్ని విప్లవ రచయితల సంఘం మనిషి రాశాడు. రూతు అనే స్త్రీ జ్ఞాపకాల్లోంచి కొన్ని తరాలు నడుస్తాయి. వీధి ఆటల్లో ఆరితేరిన ఎల్లన్న, అతని భార్య సుభద్ర, కరువులో కూలికి కాలువ పనికి పోయిన కొడుకు శివయ్య. ఆ కరువు 1876-78 నాటిది. అక్కడే క్రైస్తవం పరిచయమై శివయ్య సీమోను అవుతాడు, అతని కొడుకు రూబేను. మిషను ఇచ్చిన అక్షరం, పేరు, తలెత్తుకునే ధైర్యం అన్నీ ఇందులో ఉన్నాయి. మందిరంలోకి కూడా కులం చెప్పులేసుకుని నడిచొచ్చిన సంగతీ ఉంది. తర్వాతి తరం తుపాకీ దారి పట్టడమూ ఉంది. ఆ ముగింపుతో ఏకీభవించని విశ్వాసులు పుస్తకాన్ని పక్కన పెట్టేశారు. పొరపాటు. మన తాతముత్తాతలు ఏ ఆకలిలోంచి ప్రభువు దగ్గరికి వచ్చారో, వచ్చాక ఏం దొరికిందో, ఏం దొరకలేదో ఇంత ప్రేమగా ఇంకే తెలుగు నవలా చెప్పలేదు. కథల్లో ఎం.ఎం. వినోదిని కూడా ఈ పని చేస్తున్నారు. సంఘంలో పెరిగిన దళిత ఆడపిల్ల పెద్దకులపు ఇంటి మర్యాదల మోజులో పడి ఏం పోగొట్టుకుంటుందో ఆమె రాసినట్టు ఎవరూ రాయలేదు.

ఇక మన ప్రాంతం. కొల్లేటి ఊళ్ల ఉమ్మడి బతుకును అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు'లో చెప్పారు. కొల్లేటి గట్టున ఉన్న మందిరాల కథ మాత్రం ఎవరైనా చెప్పాలి. ముడిసరుకుకు కొదవ లేదు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లి పంపిన డబ్బుతో ఇక్కడ మందిరానికి స్లాబు పడింది. శిలాఫలకం మీద మొగుడి పేరు ఉంది. ఆమె ఆదివారం ఆరాధనకు పోవడానికి అక్కడ యజమానురాలి అనుమతి కావాలి. 2006లో ఆపరేషన్ కొల్లేరులో చేపలచెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, సరస్సు బతకాలని ప్రార్థించాలా, కౌలుకు తీసుకున్న చెరువు మిగలాలని ప్రార్థించాలా తెలియని సంఘం ఉంది.

అన్నిటికన్నా పెద్ద కథ రెండు పేర్లది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మనల్ని బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. అందుకే ఎన్నో ఇళ్లలో బడి రికార్డుల్లో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో ఇంకో పేరు. ఆదివారం సత్యమే పలకమని నేర్పిన తండ్రి సోమవారం పిల్లవాడి ఫారంలో మతం గడి దగ్గర కలం ఆపుతాడు. పిల్లవాడు చూస్తుంటాడు. బయటివాళ్లు దీన్ని మోసమంటారు. సంఘంలో కొందరు విశ్వాసం చాలలేదంటారు. ఉత్తర్వు తీరు అన్యాయమని తెలిసినవాళ్లు కూడా ఆ తండ్రి గుండెలో ఏం జరుగుతుందో చెప్పరు. ఎండో రాసిన బొమ్మ తొక్కే దృశ్యానికి ఇది మన రూపం. దీన్ని తీర్పు చెప్పకుండా రాయగల నవలాకారుడు మన పేటల్లోంచే రావాలి. పొరుగింటి హిందువును చెడ్డవాడిగానో, మారవలసినవాడిగానో మాత్రమే చూసేవాడి వల్ల ఈ పని కాదు. చెరువు గట్టు మీద పక్కపక్కనే కూర్చుని అన్నం తినేవాళ్ల కథ అది.

అలాంటి పుస్తకం వచ్చేదాకా చేతిలో ఉన్నవి చదువుదాం. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ప్రతి పేటలో ఉన్నారు. రాత్రి ప్రార్థన అయ్యాక ఇంట్లోవాళ్లకు రోజుకో అధ్యాయం తెలుగులో చెప్పమనండి. నాతాను చేసిందీ, షెల్డన్ చేసిందీ అదే. చిన్నపిల్లలుంటే సి.ఎస్. లూయిస్ నార్నియా కథలు. స్త్రీల కూటానికి మొదట పేటన్, తర్వాత హ్యూగో మొదటి ఖండం, బిషప్పు అధ్యాయాలు ఒక్కటి కూడా వదలకుండా. యౌవనస్తులకు 'అంటరాని వసంతం', పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే మరీ మంచిది. 'సైలెన్స్' చివర్న పెట్టండి, ఒకరినొకరు నమ్మడం వచ్చాక.